తామర దుంప నల్లబడుతోందా?

ప్రశ్న: హాంకాంగ్‌లో ఉంటున్నాం. పక్కింటి పెద్దావిడ చేసే తామర దుంప సూప్ మా పిల్లలకు ప్రాణం. నేను చేస్తే దుంప నల్లబడుతోంది, మెత్తబడటం లేదు. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇనుప గిన్నెలో వండుతున్నారేమో చూడండమ్మా. దుంపలోని టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. మట్టికుండ మేలు. కోసిన ముక్కలను వెంటనే నీళ్లలో వేయండి. సూప్‌కు లేతది వద్దే వద్దు. లావుగా ముదిరినదే కొనండి, పిండిపిండిగా ఉడుకుతుంది. పంది పక్కటెముకలు, వేరుశనగ గింజలు, ఎండిన ఎర్ర రేగుపళ్లు వేసి సన్నసెగ మీద 2, 3 గంటలు ఉంచండి. ఎండు ఆక్టోపస్ ముక్క వేసే ఇళ్లూ ఉన్నాయి, నాకు ఆ రుచే ఇష్టం! ఉప్పు చివర్లోనే. పీచు, పొటాషియం సూప్‌తో అందుతాయి. సి విటమిన్ మిగలాలంటే మాత్రం లేత దుంపను పల్చగా తరిగి, పెద్ద మంట మీద గబగబా వేయించండి.