ఆయన గడియారం చూశారని రాత్రంతా ఏడ్చాను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నాన్న పోయాక నిద్ర పట్టక, దేనిమీదా మనసు నిలవక ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఎనిమిది నెలలైంది. నిద్ర కుదుటపడింది కానీ ఇప్పుడు మనసంతా ఆయనే. సెషన్‌కి ఏ బట్టలు వేసుకోవాలా అని ముందురోజే ఆలోచిస్తున్నాను. మొన్న నేను మాట్లాడుతుంటే ఆయన ఒకసారి గోడ గడియారం వైపు చూశారు. ఆ రాత్రంతా ఏడ్చాను. మా వారు మంచివారు, ఆయన మొహం చూడలేకపోతున్నాను. చెప్పకుండా మానేద్దామనుకుంటున్నాను. నేను చెడ్డదాన్నా? మా నాన్న చాలా తక్కువ మాట్లాడేవారు. నేను ఏదైనా చెప్పబోతే పేపర్లోంచి తల ఎత్తేవారు కాదు. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

జవాబు: కాదమ్మా, మీరు చెడ్డవారు కాదు. మనసులో పుట్టిన కోరిక వేరు, చేసిన పని వేరు. మీరు ఏ తప్పూ చేయలేదు.

ఎందుకు రాశారో తెలియదన్న ఆ చివరి రెండు వాక్యాల దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. పేపర్లోంచి పైకి లేవని ఒక తల. మీ మీద నుంచి గడియారం మీదికి మళ్లిన ఒక చూపు. ఎవరైనా ఒక్క క్షణం టైమ్ చూసుకుంటే మనకు చిన్న చిరాకు కలుగుతుందేమో గానీ, రాత్రంతా ఏడుపు రాదు. ఆ ఏడుపులో చాలా పాత ఏడుపు కలిసి ఉందేమోనని నా అనుమానం. ఉత్తరం చదివి ఇంతకంటే గట్టిగా చెప్పకూడదు. అది నిజమో కాదో తేల్చుకోవాల్సింది మీరే.

మీకు జరుగుతున్నదాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. చిన్నప్పుడు మనకు ముఖ్యమైనవాళ్ల మీద పెట్టుకున్న ఆశ, కోపం, భయం, తీరని కోరిక మన అచేతనంలో ఉండిపోయి, తర్వాత ఎదురైన మనిషి మీదికి మళ్లుతాయి. మనకు తెలిసి చేసేది కాదది. ఎనిమిది నెలలుగా ఒక మనిషి తన గురించి ఏమీ చెప్పకుండా, మీరు చెప్పేదే శ్రద్ధగా వింటున్నారు. ఆయన గురించి మీకు తెలిసింది బహుశా చాలా తక్కువ. ఆ ఖాళీని మీ మనసు తన దగ్గరున్నదాంతో నింపుకుంది.

అంటే ఈ ప్రేమ అబద్ధమా? మనోవిశ్లేషణ చికిత్సకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1915లో సరిగ్గా దీని మీదే ఒక వ్యాసం రాశారు. ఈ ప్రేమ నిజమైనది కాదనే హక్కు మనకు లేదన్నారాయన. పాత అనుభవాల పునరావృత్తి అందులో ఉంటుంది, కానీ ఏ ప్రేమలో ఉండదు? డాక్టర్ ఆ ప్రేమను తీర్చకూడదు, అణిచేయమనీ చెప్పకూడదు. అణిచేయమనడమంటే, మంత్రాలు చదివి పాతాళం నుంచి భూతాన్ని రప్పించి, ఒక్క ప్రశ్నయినా అడక్కుండా వెనక్కి పంపేయడం లాంటిదన్నారు. నాకు ఆ పోలిక చాలా ఇష్టం. మీరిప్పుడు చేయబోతున్నది అదే.

చెప్పకుండా మానేయడం గురించి ఇంకో మాట. 1900లో ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చిన ఒక 18 ఏళ్ల అమ్మాయి (పేరు మార్చి డోరా అని రాశారాయన) దాదాపు 11 వారాలకే చికిత్స ఆపేసి వెళ్లిపోయింది. ట్రాన్స్‌ఫరెన్స్‌ను సకాలంలో పట్టుకోలేకపోయానని ఫ్రాయిడ్ ఆ తర్వాత తనే ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి వెళ్లిపోయింది, అడగాల్సిన ప్రశ్నలు ఉండిపోయాయి. మీ విషయంలో అలా జరగకూడదని నా ఆశ.

అందుకే ఈ సంగతి మీ కౌన్సెలర్‌కే చెప్పండి. సిగ్గేస్తుంది, తెలుసు. కానీ శిక్షణ పొందిన కౌన్సెలర్‌కి ఇది కొత్త కాదు. మీ మాటల్ని హద్దులు దాటకుండా, మిమ్మల్ని చిన్నబుచ్చకుండా వింటారు. అలా కాకుండా బయట కలుద్దామన్నా, వేళకాని వేళ సొంత మెసేజ్‌లు పెట్టినా, మిమ్మల్ని తాకినా, ఆ రోజే మానేయండి. అప్పుడు తప్పు పూర్తిగా ఆయనదే. ఆ బాధ్యత వృత్తిలో ఉన్నవాళ్లది, మీది కాదు. ఆయన ఇబ్బంది పడి మాట దాటేస్తే మాత్రం, మరో కౌన్సెలర్‌ని అడగడానికి మొహమాటపడకండి.

మీ వారికి ఇప్పుడే చెప్పాలా అంటే, అక్కర్లేదు. ఇంకా మీకే అర్థంకాని విషయం వింటే ఆయనకు టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు. ముందు ఆ గదిలో దీన్ని విప్పి చూసుకోండి.

ప్రేమ అన్న మాటతోనే మొదలుపెట్టక్కర్లేదు. "మొన్న మీరు గడియారం చూసినప్పుడు నాకేమైందో చెప్పాలి" అనండి. తర్వాత పేపర్ సంగతి చెప్పండి.