ఫ్లాస్కులో ఏం మిగిలింది?

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన పీహెచ్ పాఠం, అదే ద్రావణంలో ఆమ్లగుణం ఎంతో చెప్పే కొలత మీది పాఠం, రాత్రే చదివాను. చొక్కా మీది పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే అమ్మ కంగారుపడి జాడించిందని రాశావు చూడు, అది బాగుంది. మూడో పేజీ చదివాక మాత్రం నిద్ర పట్టలేదు.

50 మిల్లీలీటర్ల 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అంతే గాఢత ఉన్న క్షారం, సోడియం హైడ్రాక్సైడ్, 40 మిల్లీలీటర్లు పోశావు. ఆమ్లం 5 మిల్లీమోల్స్‌లో 4 క్షారంతో పోతే 1 మిగిలిందన్నావు. సరే. దాన్ని 50తో భాగించి పీహెచ్ 1.7 అని తేల్చేశావు. పోసిన 40 ఎటు పోయింది నాయనా? ఫ్లాస్కులో ఉన్నది ఇప్పుడు 90. పీహెచ్ 1.95. రాసేటప్పుడు నీ కళ్ల ముందు సూత్రం ఉంది గానీ ఫ్లాస్కు లేదు.

30 ఏళ్లుగా ఒకటే మాట చెబుతున్నాను. లాగ్ (సంవర్గమానం) జోలికి వెళ్లే ముందు ఏం మిగిలిందో, ఎంత ద్రావణంలో మిగిలిందో రాయి. పీహెచ్ పుట్టిందే ప్రయోగశాలలో, 1909లో, డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఎంజైములతో పనిచేస్తుంటే.

విజయవాడలో ఇంటర్ పిల్లలకు గైడు రాసే రోజుల్లో ఆమ్లంలో క్షారాన్ని కొలిచి చుక్కచుక్కగా వేసే ఈ టైట్రేషన్‌కే రెండు పేజీలు పెట్టాను. క్షారం 49.9 మిల్లీలీటర్లు పడేసరికి పీహెచ్ 4. 50.1 దగ్గర 10. మధ్యలో పడింది నాలుగు చుక్కలు! ఆమ్లంలో రంగు లేకుండా ఉండి క్షారంలో రంగు తేలే ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణంలో గులాబీ రంగు మెరుస్తుంది, ఫ్లాస్కు తిప్పగానే మాయమవుతుంది, ఇంకొక్క చుక్కకు నిలిచిపోతుంది. ఆ రెండు పేజీలూ ఎడిటర్ కొట్టేశాడు. "పరీక్షలో రాదు మాస్టారూ, షార్ట్‌కట్ పెట్టండి" అన్నాడు. ప్రూఫులు చంకన పెట్టుకుని బస్సెక్కితే మంగళగిరి దాటేదాకా నోట మాట రాలేదు. గైడు నా పేరుతోనే వచ్చింది. ఒక్క కాపీ కూడా ఇంట్లో పెట్టుకోలేదు.

ఆ షార్ట్‌కట్ల ఫలితమే నీ పదకొండో లెక్క. పదికి మైనస్ ఎనిమిదో ఘాతం మోలార్ ఆమ్లానికి పీహెచ్ 8 అట! ఏడు దాటితే అది క్షారం కదా. మజ్జిగలో ఎన్ని నీళ్లు పోస్తే సున్నపుతేట అవుతుంది? నీళ్లకూ సొంత హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి. వాటినీ లెక్కలోకి తీసుకుంటే 6.98 వస్తుంది, ఏడుకు అటు పోనే పోదు.

పాఠం అచ్చు వేయించే పబ్లిషర్ సంగతి తర్వాత. ముందు మీ కాలేజీ ల్యాబులో చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం, బ్యూరెట్, అడిగి తీసుకో. ఆ నాలుగు చుక్కలూ నీ చేత్తో వేసి చూసి, మూడో పేజీ మళ్లీ రాసి పంపు. పసుపు మరకను మాత్రం కదపకు.