పెరిగిన జీతం ఎక్కడికి పోతోంది?

నాన్నా,

నీ ఉత్తరం అందింది. తెల్లవారుజామున లేవడం, వారానికో పుస్తకం, ఇంగ్లిష్, కోడింగ్, షేర్ ట్రేడింగ్, మధ్యలో ధ్యానం కూడా రాశావు. ఫీజు కట్టి ఒక కోర్సులో చేరనా అని కూడా అడిగావు. చివర్లో "నలభై ఐదేళ్లు వచ్చేసరికి జీతం కోసం పనిచెయ్యాల్సిన అవసరం ఉండకూడదు పెద్దమ్మా" అన్నావు. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. కానీ దానికీ, పైన రాసిన జాబితాకీ సంబంధం ఏమిటో ఎక్కడా రాయలేదు. నేను పద్దులు రాసిన మనిషిని కాబట్టి ముందు లెక్కతోనే మొదలుపెడతాను, విసుక్కోకు.

పని మానేసినా బతకడానికి ఎంత ఉండాలి? ఏడాది ఖర్చుకి 25 రెట్లు అని అందరూ చెప్పేమాట నువ్వూ వినే ఉంటావు. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు అక్కడి మార్కెట్ల పాత లెక్కలు తిరగేసి చూశాడు. మొదటి ఏడాది దాచినదాంట్లో 4 శాతం తీసుకుని, తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోయినా డబ్బు 30 ఏళ్లు సరిపోయిందని తేల్చాడు. ఏడాది ఖర్చు దాచినదాంట్లో 4 శాతం కావాలంటే, దాచినది ఖర్చుకి 25 రెట్లు ఉండాలి. అది రిటైరయ్యేవాళ్ల కోసం వేసిన లెక్క. నలభై ఐదుకే ఆపేసేవాడికి డబ్బు ఇంకా ఎక్కువ ఏళ్లు రావాలి, కాబట్టి నువ్వు 30 రెట్లు అనుకోవడం మంచిది. ఇక్కడ మాత్రం అందరికీ తెలిసిన 25తోనే చూపిస్తాను.

నీ జీతం ఏడాదికి 100 అనుకో, ఖర్చు 80. మిగిలే 20 మీద ధరల పెరుగుదల పోను 5 శాతం రాబడి వస్తుందనుకుందాం. సున్నా నుంచి మొదలుపెడితే 25 రెట్లు చేరడానికి దాదాపు 37 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు జీతం 110 అయింది, ఖర్చు 80 దగ్గరే ఆపావు. 30 ఏళ్లకు వచ్చేస్తుంది. జీతం పెరిగింది పదో వంతే, తగ్గింది ఏడేళ్లు. అదే జీతం 110 అయ్యాక ఖర్చు కూడా 90 చేశావనుకో. 39 ఏళ్లు! జీతం పెరిగాక గమ్యం ఇంకా దూరం జరిగింది. ఎందుకంటే మిగులు అదే 20, చేరాల్సిన మొత్తం మాత్రం 2000 నుంచి 2250 అయింది. నమ్మకం కుదరకపోతే నువ్వే వేసి చూసుకో.

అందుకే నువ్వు నేర్చుకునేదానికీ, దాచుకునేదానికీ ముడి ఉంది. ఖర్చు ఎంత బిగించినా 80ని 65 చేస్తావేమో, ఆ తర్వాత ఇంట్లో గొడవలే. జీతాన్ని మాత్రం చదువుతో, పనితనంతో 160 దాకా తీసుకెళ్లొచ్చు. ఖర్చు 80 దగ్గరే ఉంటే అప్పుడు 17 ఏళ్ల పని. నిజం చెప్పాలంటే ఖర్చు అక్కడే ఆగదు, పిల్లలు పుడతారు, పెద్దవాళ్లం మేమూ ఉన్నాం. అయినా దిశ ఇదే.

మరి ఏం నేర్చుకోవాలి? నా కొలత ఒక్కటే. నిన్నటిదాకా నీకు ఇవ్వని పనిని, ఇది నేర్చుకున్నాక ఎవరైనా నీ చేతిలో పెడతారా? పెడితే అది ఈ లెక్కలోకి వస్తుంది. లేకపోతే సరదా కోసం హాయిగా నేర్చుకో, పుస్తకాలూ చదువుకో, కానీ ఆదాయం కోసం చేస్తున్నానని అనుకోకు. ఐదింటికి లేస్తే ఎవరూ జీతం పెంచరు. లేచి ఏం చేశావన్నది వేరే సంగతి.

మా సెక్షన్‌లో ఒకతను ఉండేవాడు. నెలాఖరులో బ్యాంకు స్టేట్‌మెంటునీ మా పద్దునీ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ సరిచూసేవాళ్లం. కంప్యూటర్లు వచ్చాక అందరూ ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP, ఒక నంబరును ఇంకో జాబితాలో వెతికి దాని పక్కనున్న మొత్తాన్ని తెచ్చే ఫార్ములా) వాడటం మొదలుపెట్టారు, అయినా తేడాలు వస్తూనే ఉండేవి. అతను కూర్చుని ఆ ఒక్కదాని లోతు చూశాడు. ఫార్ములా చివర ఫాల్స్ అని రాయకపోతే, అడిగిన నంబరు దొరకనప్పుడు అది దగ్గర్లో ఉన్న ఇంకో నంబరు తాలూకు మొత్తాన్ని తెచ్చిపెడుతుంది. తప్పు అని ఎర్రగా ఏమీ చూపించదు. బ్యాంకు ఫైల్లో కొన్ని నంబర్లు అంకెల్లా కనిపిస్తాయి గానీ అక్షరాలుగా సేవ్ అయి ఉంటాయి, అవి ఎప్పటికీ జతపడవు. కొన్నిటి చివర కంటికి కనబడని ఖాళీ ఉంటుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అందరికీ ఇచ్చాడు. ఆ తర్వాత ఆడిటర్లు వస్తే నేరుగా అతని బల్ల దగ్గరికే వెళ్లేవారు. కొన్నాళ్లకు మంచి జీతంతో ఇంకోచోటికి వెళ్లిపోయాడు. పెద్ద కోర్సులేమీ చెయ్యలేదు. అందరినీ సతాయిస్తున్న పని ఒకటి పట్టుకుని దాని అంతు చూశాడు, అంతే.

వీడియోలు చూడటం నేర్చుకోవడం కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు. మతిమరుపు మీద హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే అచ్చువేశాడు. అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపడితే ఒక్క రోజులోనే చాలావరకు ఎగిరిపోయాయి. చూసింది అదే రోజు చేత్తో చెయ్యి, నాలుగు రోజులాగి పుస్తకం చూడకుండా మళ్లీ చెయ్యి.

ఇంకొకటి. పని వచ్చినంత మాత్రాన జీతం దానంతటదే పెరగదు. అడగాలి. అడగడానికి నీ దగ్గర కాగితం ఉండాలి: ముందు ఆ పనికి ఎంత సమయం పట్టేది, నువ్వు చేపట్టాక ఎంత పడుతోంది, ఎన్ని తప్పులు తగ్గాయి. చేసిన వారమే రాసిపెట్టుకో, ఏడాది చివర గుర్తుచేసుకుంటే ఒక్కటీ గుర్తురాదు. అడిగినా కదలకపోతే బయట చూడు. మొహమాటం ఖరీదైనది నాన్నా, మన ఇంట్లో అందరికీ ఆ జబ్బు ఉంది.

పెరిగిన మొదటి నెలే, కొత్త జీతం చేతికి అలవాటు కాకముందే, పెరిగినదాంట్లో మూడింట రెండు వంతులు దానంతటదే పొదుపులోకి వెళ్లేలా బ్యాంకులో పెట్టించు. మిగతాది ఖర్చుపెట్టుకో, మొత్తం బిగించుకుంటే ఎవరూ ఎక్కువకాలం నిలబడలేరు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే అది ముందు తీర్చెయ్, దాని వడ్డీని మించిన రాబడి నీకు ఎక్కడా దొరకదు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకో, ఆరోగ్య బీమా చేయించుకో. షేర్ ట్రేడింగ్ మాట జాబితాలోంచి కొట్టెయ్. పొద్దస్తమానం తెర చూస్తూ కూర్చుంటే నీ పని చెడుతుంది, టెన్షన్ అదనం. మార్కెట్ మొత్తాన్ని కొనే ఇండెక్స్ ఫండ్లు అమెరికాలో 1976 నుంచీ మామూలు మనుషులకు అందుబాటులో ఉన్నాయి, ఇప్పుడు మన దగ్గరా దొరుకుతాయి. నెలనెలా అందులో వేసి మర్చిపో.

ఇక ఆ కోర్సు సంగతి. ఫీజు కట్టకు, అప్పుడే వద్దు. నీకు వెళ్లాలనిపించే ఉద్యోగాల ప్రకటనలు ఓ పది తీసి, అందులో ఈ కోర్సు విషయం ఎన్నిటిలో అడిగారో చూడు. మీ ఆఫీసులో ప్రతినెలా ఆలస్యమయ్యే రిపోర్టు ఏదో, దానికి ఎవరు తిట్లు తింటున్నారో కూడా కనుక్కో. రెండూ నాకు రాయి. అది ఎక్సెల్ ఫైలైతే అసలు అంకెలు తీసేసి ఖాళీ నమూనా ఒకటి పంపు, నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ