ఇస్రో ఆర్డర్ చూపిస్తున్నారు, తోట అమ్మిన పైసలు పెట్టాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలంలో ఒక ఊరు. నా వయసు 57. ఐదెకరాల్లో రెండెకరాల బత్తాయి తోట అమ్మితే 46 లక్షలు వచ్చాయి. ప్రస్తుతం సేవింగ్స్ ఖాతాలో ఉన్నాయి. మా అబ్బాయి ఆదిభట్ల దగ్గర ఒక చిన్న మెషిన్ షాపులో సీఎన్‌సీ ప్రోగ్రామర్, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్లకు ప్రోగ్రాం రాస్తాడు. వాళ్ల ఓనరుకు రాకెట్ పార్టుల ఆర్డర్ వచ్చిందట. లోహాన్ని ఐదు అక్షాల మీద చెక్కే 80 లక్షల ఫైవ్ యాక్సిస్ మెషిన్ కొనాలి, 60 లక్షలు బ్యాంకు ఇస్తుంది, మీరు 20 పెడితే ఫర్మ్‌లో నాలుగో వంతు రాసిస్తానంటున్నాడు. ఇంకోవైపు మా బామ్మర్ది ఒక స్పేస్ స్టార్టప్ షేర్లు లిస్టింగ్‌కు ముందే ఇప్పిస్తాను, 10 లక్షలు సర్దు బావా అంటున్నాడు. వచ్చే ఏడాది అమ్మాయి పెళ్లి, 12 లక్షలు కావాలి. బంగారం మీద 4 లక్షల అప్పుంది, రూపాయిన్నర వడ్డీ. ఇస్రో పని కదా, గవర్నమెంట్ పైసలు ఎక్కడికి పోతాయి అంటున్నారు అందరూ. ఏం చేయమంటారు?

జవాబు: 20 లక్షలు పెట్టొద్దు. బామ్మర్ది అడిగిన 10 లక్షలు అసలే వద్దు. మీ అబ్బాయి పని చేసే రంగం మీద మాత్రం నాకు నమ్మకం ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ "గవర్నమెంట్ పైసలు" సంగతి. 2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకు తెరిచింది. అనుమతులు ఇవ్వడానికి, దారి చూపడానికి ఇన్‌స్పేస్ అనే సంస్థ వచ్చింది. ఇస్రో టెక్నాలజీని పరిశ్రమకు అందించే వ్యాపార విభాగం న్యూస్పేస్ ఇండియా అంతకు ముందే, 2019లో మొదలైంది. 2022లో ఐదు పీఎస్‌ఎల్‌వీ రాకెట్లు కట్టే పని సుమారు 860 కోట్లకు ప్రభుత్వ విమాన తయారీ కంపెనీ హెచ్‌ఏఎల్, ప్రైవేటు కంపెనీ ఎల్ అండ్ టీ జట్టుకు దక్కింది. చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ టెక్నాలజీని 2025లో హెచ్‌ఏఎల్ 511 కోట్ల బిడ్‌తో గెలుచుకుంది. అంటే పని ఉంది, డబ్బూ ఉంది. అయితే ఆ డబ్బు ఇస్రో నుంచి పెద్ద కంపెనీకి, అక్కడి నుంచి మధ్య స్థాయి కంపెనీకి, ఆ తర్వాతే ఆదిభట్ల షాపుకు దిగుతుంది. ఇస్రోకు మీ అబ్బాయి ఓనరుతో నేరుగా కాంట్రాక్టు లేకపోతే బిల్లు ఆగినప్పుడు అడగడానికి ఆయనకు మిగిలేది తన పైమెట్టు కంపెనీ ఒక్కటే. ఆ కంపెనీ స్టార్టప్ అయితే దాని చేతిలో ఉన్నది ఇన్వెస్టర్ల డబ్బు, సర్కారు ఖజానా కాదు.

రెండోది, ఎంత పని అన్నది. 2025 మొత్తంలో శ్రీహరికోట నుంచి లేచినవి ఐదే రాకెట్లు. మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైంది. ఆ ఏడాది మళ్లీ పీఎస్‌ఎల్‌వీ ఎగరలేదు. ఆ 860 కోట్ల కాంట్రాక్టులో మొదటి రాకెట్ కూడా 2025 చివరికి ఎగరలేదు. పెద్ద కంపెనీలు అలాంటి ఖాళీలను తట్టుకుంటాయి, వాటికి వేరే పనులుంటాయి. నెలనెలా ఈఎంఐ కట్టాల్సిన షాపుకు ఆ ఖాళీ ఎలా గడుస్తుందో ఓనర్ మీకు చెప్పాడా?

మన హైదరాబాద్‌లోనే ఎంటార్ టెక్నాలజీస్ ఉంది. 1970లో మొదలైంది. ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజిన్లకు దశాబ్దాలుగా పార్టులు చేస్తోంది. షేరు మార్కెట్లోకి వచ్చింది మాత్రం 2021 మార్చిలో, 575 రూపాయల ధరకు. రాకెట్ కంపెనీ అని పేరున్నా ఇటీవలి సంవత్సరాల్లో దాని ఆదాయంలో సింహభాగం క్లీన్ ఎనర్జీ పరికరాల నుంచే వచ్చింది. అది వాళ్ల తెలివి. రాకెట్ పార్టులు పేరు తెస్తాయి, పని నేర్పుతాయి, కరెంటు బిల్లు కట్టేది వేరే కస్టమరు. మీ అబ్బాయి ఓనర్‌ను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రాకెట్ ఆర్డర్ ఆర్నెల్లు ఆగితే ఆ మెషిన్ మీద ఏం పని నడుస్తుంది?

ఆ మెషిన్ లెక్క వేసి చూద్దాం. 60 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 1,30,000. ఆపరేటర్లు, కరెంటు, టూల్స్, కొలతల తనిఖీ అన్నీ కలిపి ఇంకో 1,20,000 అనుకుందాం. నెలకు రెండున్నర లక్షలు. గంటకు 1,500 రూపాయల చొప్పున పని దొరికితే 167 గంటలు, అంటే నెలకు 26 రోజులు రోజూ ఆరున్నర గంటలు, పైసా లాభం లేకుండా ఖర్చులకే తిరగాలి. కొత్త మెషిన్ సెట్ కావడానికి, మొదటి పార్టు పాస్ కావడానికి పట్టే నెలల్లో ఈ గంటలు రావు. ఈఎంఐ మాత్రం ఆగదు. బ్యాంకు మొదట్లో కొన్ని నెలలు వాయిదా ఇచ్చినా వడ్డీ లెక్కలో పడుతూనే ఉంటుంది.

రిజెక్షన్ సంగతి మీ అబ్బాయిని అడగండి, నాకంటే బాగా చెబుతాడు. ఈ పనుల్లో చాలాసార్లు లోహం దిమ్మను కస్టమరే ఇస్తాడు. షాపుకు దక్కేది చెక్కినందుకు కూలి. టైటానియం దిమ్మ మీద ముప్పై గంటలు పని చేశాక చివరి రంధ్రం 20 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు, పెద్దదైందనుకోండి. ఇన్‌స్పెక్షన్‌లో ఎర్ర ట్యాగ్ కడతారు. కూలి రాదు సరికదా, ఒప్పందంలో అలా రాసుంటే దిమ్మ ఖరీదు కూడా బిల్లులో కోస్తారు. మీ బత్తాయికి టన్నుకింత అని వ్యాపారి తీసే తరుగు మీకు తెలుసు. అక్కడ పోయేది కాయల్లో కొంత. ఇక్కడ ఒక్క కాయ చెడితే నెల లాభం పోతుంది.

ఇక అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మీ ఉత్తరంలోని ఒకే ఒక మాట: "ఫర్మ్". 80 లక్షల్లో 60 బ్యాంకువి, 20 మీవి. మరి ఓనర్ జేబులోంచి ఎంత? ఈ మెషిన్ మీద ఆయన పెడుతున్నది సున్నా. బ్యాంకు అడిగే మార్జిన్ మొత్తం మీరే కడుతున్నారు, అయినా మీకు దక్కేది నాలుగో వంతు. పైగా అది మామూలు భాగస్వామ్య సంస్థ అయితే 1932 నాటి చట్టం ప్రకారం ఫర్మ్ అప్పుకు ప్రతి భాగస్తుడూ పూర్తిగా బాధ్యుడు. నాది నాలుగో వంతే కదా అంటే బ్యాంకు వినదు. ఫర్మ్ మునిగితే 20 లక్షలతో ఆగదు, మిగిలిన మూడెకరాల దాకా వస్తుంది. తర్వాత బయటికి వచ్చేసినా, మీరు ఉన్నప్పుడు చేసిన అప్పులు మిమ్మల్ని వదలవు. బ్యాంకు మీ పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్ అడిగిందా? అడిగితే, మిమ్మల్ని ఎందుకు భాగస్తుడిగా రమ్మంటున్నారో అర్థమైనట్టే.

ఓనర్ మోసగాడని నేను అనడం లేదు. నిజాయతీగా కష్టపడేవాళ్లు కూడా ఇలాగే అడుగుతారు. వాళ్లకు వేరే దార్లు ఉన్నాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ప్రభుత్వం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు) ఉన్న షాపుకు తాకట్టు లేకుండా అప్పు ఇవ్వడానికి సీజీటీఎంఎస్‌ఈ అనే ప్రభుత్వ పథకం గ్యారంటీ ఉంది, 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లు. బిల్లు 45 రోజుల్లో చెల్లించాలని చిన్న పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) చట్టం చెబుతుంది. ఆలోగా కట్టక, ఆర్థిక సంవత్సరం కూడా దాటించిన కొనుగోలుదారుకు ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు ఆగిపోతుంది. ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల మీద బిల్లును తగ్గింపుకు అమ్ముకుని ముందే డబ్బు తెచ్చుకోవచ్చు. ఇవన్నీ వదిలి ఉద్యోగి తండ్రి దగ్గరికి ఎందుకు వచ్చాడో కనుక్కోండి. బ్యాంకు కాదన్నదా? ఏ కారణం చూపి కాదన్నది?

బామ్మర్ది షేర్ల విషయం తొందరగా ముగిస్తాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ తన షేర్లను ఊళ్లో అందరికీ అమ్మడానికి వీల్లేదు. కొత్త షేర్లు ఇస్తే పేరు పెట్టి ఆఫర్ లెటర్ ఇవ్వాలి, సాధారణ ఇన్వెస్టర్లయితే ఏడాదికి 200 మందికి మించకూడదు, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, నగదు తీసుకోకూడదు. పాత షేరుదారు అమ్ముతున్నా కంపెనీ నిబంధనలు ఒప్పుకోవాలి, మీ డీమ్యాట్ ఖాతాలోకి షేరు రావాలి. "ఇప్పుడు పైసలు ఇవ్వండి, లిస్టయ్యాక షేర్లు ఎక్కిస్తాం" అంటే అది షేరు కాదు, మాట. ఇలాంటి షేర్లు అమ్మే అనుమతి లేని ఆన్‌లైన్ వేదికల గురించి షేరు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 డిసెంబరులోనే హెచ్చరించింది. అసలైన షేరు చేతికొచ్చినా ఐపీఓ (షేర్లు తొలిసారి మార్కెట్లోకి రావడం) తర్వాత ఆర్నెల్లు అమ్ముకోనివ్వరు, ఆ ఐపీఓ ఎప్పుడు వస్తుందో కంపెనీకే తెలియదు. అమెరికాలో వర్జిన్ ఆర్బిట్ అనే రాకెట్ కంపెనీ 2021 డిసెంబరులో లిస్టయింది. 2023 జనవరిలో ఒక ప్రయోగం విఫలమైంది, ఏప్రిల్‌కల్లా దివాలా పిటిషన్ వేసింది. బామ్మర్దితో మొహమాటం ఉంటే నా పేరు చెప్పండి, తిట్లు నేను పడతాను.

సరే, 46 లక్షలు ఏం చేయాలి?

బంగారం అప్పు ఈ వారమే తీర్చేయండి. రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం, నెలకు 6,000 మీరు కడుతున్నారు. మీ సేవింగ్స్ ఖాతా మీద వచ్చే వడ్డీ దానిలో పావు వంతు కూడా ఉండదు. పెళ్లి డబ్బు 12 లక్షలు ఏడాది ఎఫ్‌డీలుగా మూడు బ్యాంకుల్లో వేయండి, ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు దాటకుండా చూసుకోండి. డిపాజిట్ బీమా అంతవరకే. అదే కారణంతో 46 లక్షలూ ఒకే ఖాతాలో ఉంచడం నాకు నచ్చలేదు. మీరూ మీ భార్యా జాయింట్‌గా పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీంలో 15 లక్షలు వేస్తే 7.4 శాతం లెక్కన నెలకు 9,250 వస్తుంది. తోట పోయాక ఇంటి ఖర్చులకు అది ఆసరా. సీనియర్ సిటిజన్ స్కీంలో వడ్డీ ఎక్కువే కానీ మీకు ఇంకా 60 నిండలేదు. ఆస్పత్రికీ, బోరు మోటారుకూ ఒక 3 లక్షలు చేతికందేలా ఉంచండి. ఇవన్నీ పోగా 12 లక్షలు మిగులుతాయి. అందులో 7 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోకి (నిఫ్టీ జాబితాలోని పెద్ద కంపెనీలన్నిటి షేర్లు కొనే ఫండ్) ఏడాదిన్నర పాటు కొంచెం కొంచెంగా పంపండి. ఏడెనిమిదేళ్లు ముట్టుకోని డబ్బయితేనే.

పన్ను గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. నల్లగొండ లాంటి లక్ష దాటిన జనాభా ఉన్న పట్టణం హద్దు నుంచి సాగు భూమి గాలి దూరంలో 6 కిలోమీటర్లకు ఆవల ఉంటే, దగ్గర్లో వేరే మున్సిపాలిటీ లేకపోతే, ఆ అమ్మకం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. తహసీల్దార్ దగ్గర దూరం సర్టిఫికెట్, సేల్ డీడ్ కాపీ భద్రంగా పెట్టుకోండి. ఖాతాలో 46 లక్షలు ఒక్కసారి పడ్డాయి కాబట్టి నోటీసు వచ్చే అవకాశం ఉంది.

మిగిలిన 5 లక్షలు మీ అబ్బాయివి అనుకోండి. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో ధర పెరుగుతున్న ఆస్తి అతనే. ఫైవ్ యాక్సిస్ ప్రోగ్రామింగ్ బాగా తెలిసిన కుర్రాడిని ఏ షాపూ వదులుకోదు. బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది, సీఐటీడీ అంటారు. క్యాడ్, క్యామ్, సీఎన్‌సీలో షార్ట్‌టర్మ్ కోర్సులు నడుపుతారు. ముందు ఆ ఖర్చు పెట్టండి. "నాన్న డబ్బు పెట్టకపోతే ఉద్యోగం ఉండదు" అని ఓనర్ సూచనగానైనా అని ఉంటే, ఆ కోర్సు ఇంకా త్వరగా చేయించండి.

ఆ తర్వాత కూడా అబ్బాయికి అక్కడే భాగం కావాలని గట్టిగా ఉంటే ఒక దారి ఉంది. ఫర్మ్‌ను ఎల్‌ఎల్‌పీగానో ప్రైవేట్ లిమిటెడ్‌గానో (రెండింటిలోనూ బాధ్యత పెట్టిన డబ్బు వరకే) మార్చాక, అబ్బాయి పేరు మీద, చెక్కు ద్వారా, 5 లక్షల లోపు. ఓనర్ కనీసం అంత సొంత డబ్బు పెట్టాలి. బ్యాంకు గ్యారంటీ కాగితం మీద మీరుగానీ మీ భార్యగానీ సంతకం చేయకూడదు. ఎల్‌ఎల్‌పీ అయినా ఆ సంతకం పెడితే రక్షణ పోయినట్టే. దానికి ముందు మూడు కాగితాలు తెప్పించండి: మూడేళ్ల జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు సాంక్షన్ లెటర్, ఆ రాకెట్ ఆర్డర్. ఆర్డర్ అంటే కొటేషన్ అడుగుతూ వచ్చిన మెయిల్ కాదు. నంబరు, తేదీ, ఎన్ని పార్టులు, ఎన్ని నెలలు, ఆలస్యమైతే ఎంత కోత, రిజెక్ట్ అయితే దిమ్మ ఖరీదు ఎవరిది అన్నీ రాసున్న పర్చేజ్ ఆర్డర్. ధరలు రహస్యం అంటే ఆ గళ్ల మీద నల్ల గీత కొట్టి మిగతాది చూపించమనండి. నల్లగొండలో మీకు తెలిసిన ఆడిటర్‌కు ఫీజు ఇచ్చి చదివించండి, ఆ ఫీజుకు బేరమాడకండి.