కుంకుడు రసమా, చింతపండా?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ‘రాజదండం’ కథ మూడుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. ఎనిమిది పేజీల్లో ‘అధికారానికి ప్రతీక’ అన్న ముక్క ఆరు చోట్ల ఉంది. లెక్కపెట్టాను, ఈ వయసులో నాకు వేరే పనేముంది?

రాజు నిద్రపోయాక ముసలి నౌకరు ఆ బంగారు దండాన్ని ఒళ్ళో పెట్టుకుని చింతపండుతో తోమాడని రాశావు. చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతారు తల్లీ! బంగారానికి కుంకుడు రసం. గోరువెచ్చని రసంలో తడిపి, మెత్తటి కుంచెతో నగిషీ సందుల్లో మురికి తీస్తారు. అది రాసి ఉంటే, ఆ దండం సంగతి రాజుకన్నా నౌకరు వేళ్ళకే ఎక్కువ తెలుసని నువ్వు చెప్పకుండానే నాకు తెలిసేది. ఒళ్ళో పెట్టుకోవడం మాత్రం బాగుంది.

తమిళుల రాజదండం సెంగోలునే చూడు. మద్రాసులో ఉమ్మిడి బంగారు చెట్టి దుకాణంలో తయారైంది. సుమారు ఐదడుగుల పొడవు, వెండికి బంగారు పూత, కొసన నంది. 1947 ఆగస్టు 14న తిరువావడుదురై ఆధీనం అనే తమిళ శైవ మఠం వారు నెహ్రూకు అందించారు. తర్వాత దశాబ్దాల పాటు అలహాబాద్ మ్యూజియంలో, నెహ్రూకు కానుకగా వచ్చిన బంగారు చేతికర్ర అన్న చీటీతో పడి ఉంది. 2023 మే 28న అదే కర్ర కొత్త పార్లమెంటులో స్పీకర్ కుర్చీ దగ్గర నిలబడింది. నంది అదే, పూత అదే. కథంతా ఆ చీటీలో ఉంది.

లండన్‌లో 1649లో రాజు తల నరికాక రాజచిహ్నాలను కరిగించేశారు. 1661లో కొడుకు పట్టాభిషేకానికి కొత్త దండం చేయించారు. 1910లో దానికి 530 క్యారెట్ల వజ్రం బిగించాలంటే తలభాగాన్ని గట్టిపరచవలసి వచ్చింది. నాకు కావలసింది ఆ పనివాడి అవస్థ.

తమిళ నీతి గ్రంథం తిరుక్కురళ్‌లో 552వ పద్యం చదువు. దండం పట్టిన రాజు అడగడం, బల్లెం పట్టినవాడు ‘ఇవ్వు’ అనడం లాంటిదంటాడు తిరువళ్ళువర్. ఇద్దరి చేతుల్లోనూ కర్రే. వివరణ లేదు.

నా మొదటి కథ మా తాతగారి కర్ర మీదే. ఆయన మునసబు. వెండి పొన్ను వేసిన ఆ కర్ర కనబడితే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడేవారు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక, మా నాయనమ్మ దానితో వడియాల మీద వాలే కాకుల్ని తోలేది. అక్కడితో ఆపాను. వారపత్రిక సంపాదకుడు నాకు మాటమాత్రం చెప్పకుండా ‘ఆ కర్ర గతించిన అధికారానికి ప్రతీకగా మిగిలిపోయింది’ అని చివర అతికించాడు. పారితోషికం రాలేదు గానీ, ఆ వాక్యాన్ని మెచ్చుకుంటూ నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఇప్పటికీ మంటే. ఈ మధ్య సంపాదకులు ఆ శ్రమ కూడా పడటం లేదు, రచయితలే ముందుగా అతికించి పంపుతున్నారు.

ఏ పత్రికకు పంపాలి, పోటీలో నిలుస్తుందా అని ఏవేవో అడిగావు. ముందు ఆ నౌకరు దగ్గరికి వెళ్ళు. రాజు నిద్రలో ఇటు తిరిగినప్పుడు అతను ఆ తడి దండాన్ని ఎక్కడ దాచాడో రాయనే లేదు నువ్వు.