అఫిలియేట్ సైటుకి గూగుల్ యాడ్స్ పెడితే గిట్టుబాటవుతుందా? కీవర్డ్‌ల కోసం ఏ టూల్ కొనాలి?

ఏ టూలూ కొనకండి. కీవర్డ్ అంటే జనం ఏ మాట వెతికితే మీ యాడ్ కనిపించాలో గూగుల్‌కి మీరు చెప్పే మాట, అంతే. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టి కీవర్డ్ టూల్ వాడాల్సినంత స్థాయికి వచ్చినవాళ్ళు ఇక్కడికొచ్చి ఈ ప్రశ్న అడగరు. ఆ డబ్బుతోనే చిన్న యాడ్ ఒకటి పెట్టి, జనం ఏం టైప్ చేసి మీ దాకా వచ్చారో కూర్చుని చదవండి. నా లెక్కలో కీవర్డ్ రీసెర్చ్ అంటే అదొక్కటే. మిగతాదంతా ఎక్సెల్ షీట్లు నింపుకోవడం.

నేను హైదరాబాద్‌లో యాడ్స్ పనే చేస్తాను. అందుకని ఏ చుట్టాలింటికి వెళ్ళినా ఎవరో ఒకరు లాప్‌టాప్ తెరిచి పెడతారు. మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే మా బావమరిది పట్టుకున్నాడు. మిక్సీలు, గ్రైండర్ల మీద రివ్యూలు రాసే సైటు అతనిది. లింకు నొక్కి అమెజాన్‌లో ఎవరైనా కొంటే కమీషన్. "బావా, క్లిక్కులు బానే పడుతున్నాయి, కొనేవాడే లేడు. ఒకసారి చూడవా" అన్నాడు. కీవర్డ్‌ల జాబితా మాత్రం బారెడు ఉంది, ఏదో కోర్సులో ఇచ్చారట. దాని జోలికి పోకుండా సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం నిజంగా ఏం టైప్ చేసి యాడ్ దాకా వచ్చారో చూపించే జాబితా) తెరిచి పైకి చదవమన్నాను. మా అత్తయ్యగారు పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వింటున్నారు.

"మిక్సీ ఆన్ అవ్వట్లేదు" అని చదివాడు.

"కింద ఎర్ర బటన్ నొక్కమను. లోడెక్కువైతే అది బయటికొచ్చేస్తుంది. దానికి కొత్త మిక్సీ ఎందుకురా?" అన్నారావిడ.

"మిక్సీ జార్ తిరగట్లేదు."

"కప్లర్ అరిగిపోయుంటుంది. బజార్లో దొరుకుతుంది."

"గ్రైండర్ మెషిన్ 4 అంగుళాలు." ఇది ఆవిడకి అంతుపట్టలేదు. ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్ అది, వెల్డింగ్ షాపువాళ్ళు వెతికేది. మావాడి ఇడ్లీపిండి పేజీ మీద ఎవరో కటింగ్ వీల్ కోసం వచ్చి వెళ్ళిపోయాడన్నమాట. ఆ క్లిక్కుకీ డబ్బు కట్టాడు.

"గ్రైండర్ 110 వోల్ట్స్." వీళ్ళు అమెరికా వెళ్తున్నవాళ్ళో, అక్కడున్నవాళ్ళో. అతని లింకులన్నీ 230 వోల్టుల మన మెషీన్లకి. క్యాంపెయిన్ సెట్టింగుల్లో లొకేషన్ దగ్గర ముందే టిక్ పెట్టి ఉండే ఆప్షన్ ఏమిటో తెలుసా? ఇండియాలో ఉన్నవాళ్ళతో పాటు ఇండియా మీద ఆసక్తి ఉన్నవాళ్ళకీ యాడ్ చూపించడం. అది మార్చకపోతే డల్లాస్‌లో ఉన్నవాళ్ళు కూడా మీ క్లిక్కుల్లో తేలతారు.

"2 లీటర్ల గ్రైండర్‌లో ఎంత పప్పు వేయాలి?"

"ఈవిడ కొనేసింది కదరా, ఇంకేం కొంటుంది?"

ఆ తర్వాతది "నలుగురికి ఎన్ని లీటర్ల గ్రైండర్ సరిపోతుంది". అత్తయ్యగారు చేతిలో పని ఆపేశారు. "ఇదిగో, ఈవిడ కొంటుంది. ఈవిడకి జవాబు చెప్పు" అన్నారు.

ఆ జవాబు సైటులో ఎక్కడా లేదు. పేజీ తెరవగానే మోటార్ ఎన్ని వాట్లు, ఆర్‌పీఎం ఎంత అని ఒక పెద్ద టేబుల్. కోర్సు ఇచ్చిన జాబితాలో కూడా ఆ మాట లేదు. అందులో ఉన్నవన్నీ 'బెస్ట్' అనే మాట ముందు తగిలించి సంవత్సరం వెనక తగిలించిన కీవర్డ్‌లు. అవి అందరి దగ్గరా ఉంటాయి, అందరూ వాటి మీదే బిడ్ వేస్తారు (క్లిక్కుకి ఇంతిస్తామని వేలం పాడతారు), రేటు పెరుగుతుంది.

మావాడు కీవర్డ్‌లన్నీ బ్రాడ్ మ్యాచ్‌లో పెట్టాడు, అంటే ఆ మాటకి సంబంధం ఉందని గూగుల్‌కి అనిపించిన ప్రతి వెతుకులాటకీ యాడ్ వెళ్తుంది. కొత్తగా కీవర్డ్ వేస్తే అది దానంతటదే బ్రాడ్ అవుతుంది, మీరు కోట్స్‌లో పెడితే ఫ్రేజ్ (ఆ మాట అర్థం వెతుకులాటలో ఉండాలి), స్క్వేర్ బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ (అచ్చంగా ఆ మాటే వెతకాలి). తక్కువ బడ్జెట్ వాళ్ళు ఆ రెండింటితోనే మొదలుపెట్టండి. నెగెటివ్ కీవర్డ్‌లు (ఈ మాటలు వెతికితే నా యాడ్ చూపించొద్దని చెప్పేవి) మొదటి రోజే వేయండి: రిపేర్, సర్వీస్ సెంటర్, కస్టమర్ కేర్, స్పేర్ పార్ట్స్, సెకండ్ హ్యాండ్, ఓఎల్ఎక్స్. నెగెటివ్‌లకి అదే మాట వేరే రూపాలు, పర్యాయపదాలు తెలియవు. రిపేర్ వేశాం కదా, రిపేరింగ్ కూడా ఆగిపోతుందిలే అనుకుంటే కుదరదు, విడిగా వేయాలి. ఎగ్జాక్ట్ మాత్రం పేరుకే ఎగ్జాక్ట్. 2018 నుంచి అదే అర్థం వచ్చే వేరే మాటలకి కూడా యాడ్ చూపిస్తోంది.

ఈ కోర్సుల గురించి ఒక మాట అనకపోతే నాకు నిద్రపట్టదు. మాటల ముందు ప్లస్ గుర్తు పెట్టి మాడిఫైడ్ బ్రాడ్ (ఆ మాట వెతుకులాటలో ఉండి తీరాలనే పద్ధతి) వేయమని ఇంకా నేర్పుతున్నారు. దాన్ని 2021లోనే ఎత్తేశారు! ఫీజులు మాత్రం కొత్త సంవత్సరం రేట్లు. స్క్రీన్‌షాట్లలో డాలర్లు చూపిస్తారు, ఖర్చు కాలమ్ మాత్రం ఎప్పుడూ కత్తిరించే ఉంటుంది. అఫిలియేట్‌లో సంపాదించానని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది అఫిలియేట్ కోర్సు అమ్మి సంపాదించినవాళ్ళే. నన్నడిగితే వందకి తొంభైమంది అంతే.

గూగుల్ వాళ్ళ కీవర్డ్ ప్లానర్ ఉచితమే కదా అంటారు. వాడండి, కానీ నమ్మేయకండి. యాడ్‌లకి ఖర్చు పెట్టని అకౌంటుకి అది ఒక మాటని నెలకి వెయ్యి నుంచి పదివేల సార్ల దాకా వెతుకుతారు అని చూపిస్తుంది. వెయ్యికీ పదివేలకీ మధ్య మన జీవితాలే మారిపోతాయి. దాన్లో కాంపిటీషన్ 'లో' (తక్కువ) అని కనిపిస్తే చాలామంది ఎగిరి గంతేస్తారు. అది ఎంతమంది యాడ్‌కి బిడ్ వేస్తున్నారన్న లెక్క, మీ ఆర్టికల్ పైకి రావడం తేలికని కాదు. మనవాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే తీరు ఆ ప్లానర్‌లో సరిగా కనపడదు. అవి సెర్చ్ టర్మ్స్‌లోనే దొరుకుతాయి. ఆ రిపోర్టులో కూడా 2020 సెప్టెంబర్ నుంచి తక్కువమంది వెతికిన మాటల్ని దాచడం మొదలుపెట్టారు. తర్వాత కొంత సడలించారు గానీ, మొత్తం చూపించరు. డబ్బు మనది, మనకే చెప్పరు!

గిట్టుబాటు సంగతి. ఊరికే లెక్క కోసం, గ్రైండర్ ₹4,000, కమీషన్ 5% అనుకుందాం. ఒక్క అమ్మకానికి ₹200. క్లిక్ ₹5 అయితే వంద క్లిక్కులకి ₹500, దాని మీద 18% జీఎస్టీ కలిపి ₹590. వందలో ఇద్దరు కొంటే ₹400 వచ్చి ₹190 చేతినుంచి పోతుంది. ముగ్గురు కొంటే పది రూపాయలు మిగులుతుంది, టీ తాగొచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 18% వెనక్కి రాదు. ఈ లెక్క ఎక్సెల్‌లో కాదు, కాగితం మీద చేసుకుని తర్వాతే కార్డు నంబరు ఇవ్వండి. చిన్న వస్తువులకి ఈ పద్ధతి నాకు నచ్చదు, కమీషన్ ఎక్కువున్న వాటికే యాడ్ పెట్టాలి. మా బావమరిదికి మిక్సీలు ఆపేసి గ్రైండర్లు ఉంచమని చెప్పింది అందుకే.

ఇంకోటి, యాడ్ నుంచి నేరుగా అమెజాన్ లింకుకి పంపుదాం అనుకుంటున్నారేమో. అమెజాన్ అఫిలియేట్ ప్రోగ్రాం 'అసోసియేట్స్' నిబంధనలు ఒప్పుకోవు, అమెజాన్ పేరున్న కీవర్డ్ మీద బిడ్ వేయడం కూడా కుదరదు. మీ సైటుకే పంపాలి, ఆ పేజీలో ఒక బటన్ మాత్రమే పెడితే గూగుల్ యాడ్ ఆపేస్తుంది. 2005కి ముందు అఫిలియేట్లు ఒకే కంపెనీకి పది యాడ్లు వరసగా పెట్టి నేరుగా పంపేవాళ్ళు, ఆ ఏడాది గూగుల్ ఒకే డిస్‌ప్లే అడ్రసుకి (యాడ్‌లో కనిపించే వెబ్ అడ్రసుకి) ఒకే యాడ్ అని రూల్ తెచ్చి ఆట కట్టించింది. ఇప్పుడు పేజీలో మీరు సొంతంగా రాసిన సమాచారం ఉండాల్సిందే. క్లిక్ చేసినవాళ్ళు 24 గంటల్లోపు కొనకపోతే మామూలుగా మీకేం రాదు. పండగ సేల్ వచ్చేవారం ఉందని తెలిస్తే మనవాళ్ళు ఆగుతారు, కాబట్టి సేల్ ముందు వారం యాడ్ ఆపేసి సేల్ రోజు పెట్టండి.

మావాడు ఆ రాత్రే "నలుగురికి ఎన్ని లీటర్లు" అని పేజీ రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం అత్తయ్యగారే చెప్పారు: నలుగురికి 2 లీటర్లు చాలు, చుట్టాలొస్తే రెండుసార్లు రుబ్బుకోవచ్చు.