నీస్‌కి ఎప్పుడు వెళ్లాలి? ముందు నీళ్లా, నడకా తేల్చుకో

చి.ల.సౌ. సౌజన్యకు,

బాబాయి ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. ఫ్రాన్స్‌లో నీస్, ఎనిమిది రోజులు, అన్నయ్య, వదిన, నువ్వు, అల్లుడుగారు, పిల్లలిద్దరు. ఏ నెల అయితే బాగుంటుందని అడిగావు. నెల చెప్పేముందు నువ్వో సంగతి తేల్చాలి. మీరు సముద్రంలో దిగడానికి వెళ్తున్నారా, సముద్రం ఒడ్డున తిరగడానికా? మన విశాఖలో అయితే ఈ ప్రశ్నే రాదు. అక్కడ సంక్రాంతికి కూడా నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. నీస్‌లో గాలికో పంచాంగం, నీళ్లకో పంచాంగం. నీళ్లది నెలా నెలన్నర వెనక నడుస్తుంది.

ఏప్రిల్‌లో పగలు 17 డిగ్రీలు ఉంటే నీళ్లు 15. మేలో పగలు 21, నీళ్లు 17, 18. జూన్‌లో 24కి 21. ఆగస్టులో పగలు 28, నీళ్లు 25, అదే శిఖరం. అక్కణ్ణుంచి గాలి త్వరగా చల్లబడుతుంది, నీళ్లు నెమ్మదిగా దిగుతాయి. అందుకే అక్టోబరు మొదటి వారంలో నీళ్లు జూన్ మొదటి వారం కంటే వెచ్చగా ఉంటాయి. జనవరికి పగటి ఎండ 13 డిగ్రీలు, సముద్రం 14. ఇవి సగటు లెక్కలు, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. ఫోన్‌లో వాతావరణం చూసి "మే నెల 21 డిగ్రీలట, స్నానానికి హాయిగా ఉంటుంది" అనుకునేవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. 18 డిగ్రీల నీళ్లంటే మనవాళ్లకి మోకాలి దాకా దిగేసరికే పళ్లు టకటకలాడతాయి.

ఇక పిల్లల బడి సెలవులు. ఎలాగూ వాటిని బట్టే కదా టికెట్లు.

మన ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ 12కి బడి తెరిచేదాకా. ఈ నెలన్నరలో నా ఓటు ఏప్రిల్ 25 నుంచి మే 10 లోపుకి. ఇక్కడ విజయవాడ నిప్పులు చెరుగుతుంటే అక్కడ పగలు 18 నుంచి 20, రాత్రి 11, 12. మే మొదట్లో పొద్దు గుంకేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. మధ్యాహ్నం వదిన ఓ కునుకు తీసి లేచినా ఇంకా నాలుగు గంటల వెలుతురు మిగిలి ఉంటుంది. కూర్ సలేయా మార్కెట్‌లో స్ట్రాబెర్రీలు, గుమ్మడి పూల లాంటి కూర్జెట్ పూలు బుట్టల్లో కనిపించే రోజులు. ఆ మార్కెట్‌కి సోమవారం వెళ్లకండి, ఆ రోజు కూరలు, పూలు ఉండవు, పాత సామాన్ల సంత పెడతారు. మతీస్, షగాల్ అనే చిత్రకారుల మ్యూజియాలకి మంగళవారం సెలవు. మే 1న మాత్రం ఊరంతా మూతే. బస్సుల్ని, ట్రాముల్ని కూడా నమ్ముకోవద్దు. కావలసినవి ముందురోజే కొనిపెట్టుకుని, ఆ రోజు కోట గుట్ట ఎక్కండి. గుట్టకి లిఫ్ట్ ఉంది కానీ సెలవు నాడు దాన్నీ నమ్ముకోకు. వదిన మోకాళ్లకి మెట్లు పడకపోతే కింద సముద్రం పక్కన ప్రోమెనాడ్ అనే నడకదారి మీదే నడవండి.

మే 10 దాటితే ధరలు ఒక్కసారిగా ఎగురుతాయి. మే మధ్యలో పన్నెండు రోజుల పాటు పక్కనున్న కాన్‌లో సినిమా పండుగ. కాన్‌లో గది దొరకనివాళ్లంతా నీస్ మీద పడతారు. ఇంకోవైపు మొనాకోలో కార్ల పందెం. అది ఏళ్ల తరబడి మే ఆఖరి వారంలో జరిగేది, 2026 నుంచి జూన్ మొదట్లోకి జరిపారు. ఆ నాలుగు రోజులు మొనాకో దారిలో రైలెక్కడం మన పుష్కరాల రద్దీలో ఎక్కడం లాంటిదే. పిల్లలు నీళ్లలో దిగాల్సిందేనని మంకుపట్టు పడితే, సినిమా పండుగ ముగిశాక, పందెం మొదలయ్యేలోపు ఓ సన్నటి సందు దొరుకుతుంది, సుమారు మే 25 నుంచి జూన్ 3. అప్పటికి నీళ్లు 19, 20. పిల్లలు దిగుతారు, మీరు ఒడ్డున కూర్చుని తువ్వాళ్లు పట్టుకుంటారు. ఆ రెండింటి తేదీలూ ఏటా కాస్త మారతాయి, గది తీసుకునే ముందు చూసుకో.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. నీస్ బీచ్‌లో ఇసుక ఉండదు, గులకరాళ్లే. కోడిగుడ్డంత, కొన్నిచోట్ల అరచెయ్యంత, బూడిదరంగు నున్నటి రాళ్లు. అల వెనక్కి పోతూ రాళ్లని లాగుతుంటే, పెద్ద చేటలో శనగలు చెరిగినట్టు గలగలమని చప్పుడు. వినడానికి బాగానే ఉంటుంది, కాలి కిందే కష్టం. పాదం మోపితే రాయి దొర్లుతుంది, దొర్లిన రాయి మీద చీలమండ మెలిక పడుతుంది. పైగా ఒడ్డు నుంచి నాలుగైదు అడుగులు వేసేసరికి నడుం లోతు వచ్చేస్తుంది, నేల అంత నిటారుగా దిగిపోతుంది. దిగడం ఎవరైనా దిగుతారు. బయటికొచ్చేటప్పుడు అల కాళ్ల కింది రాళ్లని లాగేసుకుంటుంది, మనిషి మోకాళ్ల మీద పడతాడు, లేచేలోపు రెండో అల కొడుతుంది. అలలున్న రోజు పిల్లల్ని దింపకు. రబ్బరు అడుగున్న నీళ్ల బూట్లు అందరికీ ఇక్కడే కొనుక్కుని వెళ్లండి. అన్నయ్య "నాకెందుకు, చెప్పులున్నాయిగా" అంటాడు, వినకు. హవాయి చెప్పులు మొదటి అలకే పోతాయి. పిల్లలకి ఇసుక కావాలంటే తూర్పు వైపు రైల్లో ఎనిమిది నిమిషాల దూరంలో విల్‌ఫ్రాన్ష్ ఉంది. అక్కడ ముతక ఇసుక, అఖాతం లోపల కాబట్టి అలలు తక్కువ. ఆ రైల్లో కుడివైపు కూర్చోండి, సముద్రం అటే.

బీచ్‌లో ఎగరేసే జెండా ఆకుపచ్చగా ఉంటే అందరూ దిగొచ్చు, పసుపైతే పెద్దవాళ్లు జాగ్రత్తగా, ఎరుపైతే ఎవరూ వద్దు. వేసవిలో ఊదారంగు జెల్లీ చేపలు కొట్టుకొస్తుంటాయి. అవి తగిలితే మంచినీళ్లతో కడగకూడదు, చర్మానికి అంటుకున్న ముళ్లు ఇంకా విషం చిమ్ముతాయి. సముద్రపు నీళ్లే పోసి, రుద్దకుండా, ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా గీకెయ్యాలి.

దసరా సెలవుల గురించి అడుగుతావని తెలుసు. నీళ్లకైతే సెప్టెంబరే రాజు. 23 డిగ్రీలు, జనం పల్చన, ఎండ మెత్తన. చిక్కంతా దసరా సెలవులు ఎప్పుడు పడతాయన్న దాంట్లో ఉంది. సెప్టెంబరు 25 లోపు మొదలైతే కళ్లు మూసుకుని వెళ్లు. అక్టోబరులో పడితే ఆలోచించాలి. ఎందుకో వివరంగా చెప్తాను.

నీస్‌లో ఏడాదికి 75, 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఇంచుమించు హైదరాబాద్ లెక్కే. కానీ నెలలు తలకిందులు. మనకి ముసురు పట్టే జులైలో అక్కడ ఒకటి రెండు సెంటీమీటర్లు పడితే గొప్ప. అసలు వాన అక్టోబరు, నవంబరులో. వేసవంతా ఎండ తాగిన సముద్రం అప్పటికింకా వెచ్చగా ఉంటుంది. దాని మీదుగా ఆగ్నేయం నుంచి వచ్చే గాలి తడిని మోసుకొస్తుంది. ఊరి వెనకే, ఇటు సముద్రం అటు ఆల్ప్స్ అన్నట్టు, కొండలు నిలబడి ఉంటాయి. గాలి వాటిని గుద్దుకుని పైకెక్కి మోసిందంతా ఒక్కచోట కుమ్మరిస్తుంది. 2015 అక్టోబరు 3 రాత్రి కాన్ చుట్టుపక్కల రెండు మూడు గంటల్లో 17 నుంచి 20 సెంటీమీటర్ల వాన కురిసి ఇరవై మంది పోయారు. వాళ్లలో కొందరు సెల్లార్‌లో ఉన్న కారు బయటికి తెద్దామని దిగినవాళ్లు. 2020 అక్టోబరు 2న అలెక్స్ తుఫాను నీస్ వెనకున్న వెజూబీ లోయని ఊడ్చేసింది. అక్కడ ఒక్కరోజులో 50 సెంటీమీటర్లు పడింది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాది మొత్తంలో వాన రోజులు అరవై, అరవై అయిదు. అక్టోబరులోనూ ఆరేడు రోజులే. వాన అక్కడ నసపెట్టదు, పడితే కుండపోత, మర్నాడు మళ్లీ నీలాకాశం. నెల సగటు చూసి ప్రయాణం మానుకోవడం తెలివితక్కువ. ఎనిమిది రోజులు వెళ్తే ఒకటి రెండు రోజులు పాడవుతాయని ముందే లెక్కేసుకో. ఆ రోజులకి మ్యూజియాలు మిగుల్చుకో. ఫ్రెంచి వాతావరణ శాఖ మెతేఓ ఫ్రాన్స్ జిల్లాలకి రంగులు ఇస్తుంది, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. నీస్ జిల్లా పేరు ఆల్ప్ మారిటీమ్, నంబరు 06. పసుపు అంటే మామూలే. నారింజ వస్తే లోయల్లోకి రైళ్లు, బస్సులు ఎక్కొద్దు, వాగు గట్లకీ సముద్రపు కట్టకీ దూరంగా ఉండండి, సెల్లార్ పార్కింగ్‌లోకి దిగొద్దు. నవంబరు మాత్రం ఎవరికీ చెప్పను.

జులై, ఆగస్టు మనకి అక్కర్లేదు. సెలవులూ కావు. పగలు 28 అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది, తేమ బాగా ఉంటుంది. రాత్రి 20, 21 కంటే పెద్దగా దిగదు. పాత ఇళ్లలో ఏసీ ఉండదు. ఫ్రాన్స్ మొత్తం సెలవు మీద అక్కడికే వస్తుంది. చారల దోమలు పగలే కుడతాయి. మేలో వెళ్లినా ఓడోమాస్ ఒకటి సంచిలో పడెయ్యి.

చలికాలం గురించి ఎవరూ అడగరు కానీ, నిజానికి ఆ ఊరు పుట్టిందే చలికాలం కోసం. లండన్ మంచు, పొగ భరించలేని ఇంగ్లీషు వాళ్లు 1800ల్లో అక్కడికి చేరేవాళ్లు. సముద్రం పక్క ప్రోమెనాడ్‌కి "ఇంగ్లీషు వాళ్ల నడకదారి" అన్న పేరు అందుకే వచ్చింది. వేసవికి ఖాళీ అయిపోయే ఊరది. ఎండలో పడుకోవడం అన్న మోజు 1920ల తర్వాతది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది కూడా చలికాలపు విడిది పట్నంగానే. మంచుగాలి రాదా అంటే, ఉత్తరాన ఆల్ప్స్ గోడలా అడ్డం. మార్సే నగరాన్ని వణికించే మిస్ట్రాల్ గాలి నీస్ దాకా వచ్చేసరికి పెద్దగా మిగలదు.

ఫిబ్రవరి మధ్య నుంచి రెండు వారాలు నీస్‌లో కార్నవాల్ అనే ఊరేగింపుల పండుగ, పక్కన మాంతోన్‌లో నిమ్మకాయల పండుగ. నిమ్మకాయలూ నారింజలూ టన్నుల లెక్కన పేర్చి బొమ్మలు కడతారు. అప్పుడే కొండలంతా మిమోసా పూస్తుంది. ఆ పూలు చూస్తే వదిన "ఇవి మన తుమ్మపూలే కదా" అంటుంది. నిజమే, తుమ్మకి దగ్గరి చుట్టమే, పసుపు బంతుల్లా గుత్తులు గుత్తులుగా. బడి ఉండగా పిల్లలతో మీకు కుదరదు. పెద్దవాళ్లిద్దర్నే పంపాలనుకుంటే మాత్రం ఫిబ్రవరే మేలు. ఒక్కటే, అక్కడ ఎండకీ నీడకీ తేడా మామూలుగా ఉండదు. ప్రోమెనాడ్ మీద నీలం కుర్చీలో కూర్చుంటే స్వెట్టర్ విప్పాలనిపిస్తుంది, పాత ఊరి సందులోకి మలుపు తిరిగితే మఫ్లర్ వెతుక్కోవాలి. ఒక్క లావు కోటు కంటే పల్చటివి మూడు పొరలు నయం.

గది విషయంలో నాలుగు ముక్కలు. పాత ఊళ్లో ఇళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, లిఫ్టులు ఉండవు. వాళ్లు మూడో అంతస్తు అంటే మన లెక్కలో కూడా మూడోదే, కింది అంతస్తుని లెక్కించరు, మెట్లు ఇరుకు. వదినకి అది పనికిరాదు. స్టేషన్‌కీ సముద్రానికీ మధ్య, ట్రాము దారి దగ్గర చూడు. "అసాన్సూర్" అని రాసి ఉంటే లిఫ్టు ఉన్నట్టు. వేసవిలో "క్లిమ్" అంటే ఏసీ, చలికాలంలో "షోఫాజ్" అంటే హీటింగు, ఈ రెండూ ఉన్నాయో లేదో అడిగి రాయించుకో. చలికాలమైతే దక్షిణం వైపు కిటికీ ఉన్న గదే కావాలను.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల లోపు అయితే తీసుకోరు. మనలాంటివాళ్లందరూ మే నెలలోనే వెళ్తారు కాబట్టి మార్చిలో హైదరాబాద్‌లో స్లాట్లు దొరకడం కష్టం. జనవరి చివర్లో, ఫిబ్రవరి మొదట్లో పెట్టేయండి. ఇన్సూరెన్సు ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అన్నయ్య వయసుకి ప్రీమియం ఎక్కువ పడుతుంది, అయినా అందులో పిసినారితనం చెయ్యకు. హైదరాబాద్ నుంచి నీస్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే ఒక్క మార్పుతో సరిపోతుంది. మధ్యలో మూడు గంటలన్నా ఉండేలా చూసుకో, వదినకి వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే అడుగు.

వదినకి విడిగా ఒక మాట. శాకాహారులకి నీస్‌లో దొరికే మంచి తిండి సోకా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపిన పిండిని బండిచక్రమంత రాగి పళ్లెంలో పల్చగా పోసి, కట్టెల పొయ్యిలో అంచులు మాడేదాకా కాలుస్తారు. గీకి ముక్కలు చేసి పైన మిరియాల పొడి చల్లుకోవాలి. వేడిగా, చేత్తోనే తినాలి, చల్లారితే తోలు. పక్కనే ఉల్లిపాయలు పరిచిన రొట్టె కనిపిస్తుంది, పిసలాదియేర్ అంటారు. చూడ్డానికి ఉల్లిపాయే కానీ అందులో ఆంకోవీ చేప ఉంటుంది. కొన్నిసార్లు పైన కనపడకుండా ముద్దలా కలిపేస్తారు. దాని జోలికి పోవద్దను.

నీళ్లా, నడకా అన్నది ఇంట్లో తేల్చుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. తేదీలు చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి